రెండు ఎడమ చేతుల జాకెట్టు

ఆగస్టు

ఆ సోమవారం పొద్దున మిషను ముందు కూర్చుని తొక్కడం మొదలుపెడితే, పెడలు నా కాలికి తగిలినట్టు తెలియలేదు. వంగి చూశాను. కాలు పెడలు మీదే ఉంది. చక్రం తిరుగుతోంది, సూది ఆడుతోంది, గుడ్డ ముందుకు పోతోంది. అరికాలి కింద మాత్రం ఇనుము బదులు దూది ఉన్నట్టుంది. తిమ్మిరెక్కిందనుకుని లేచి, వాకిట్లో నాలుగడుగులు వేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

అంతకు పది రోజుల ముందు నాకు జ్వరం, విరేచనాలు వచ్చి మూడు రోజుల్లో తగ్గిపోయాయి. దానికీ దీనికీ సంబంధం ఉంటుందని నాకెలా తెలుస్తుంది?

మాది బోగోలు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. మేం క్రైస్తవులం, మాకు వరలక్ష్మీ వ్రతం లేదు. అయినా శ్రావణ మాసం వస్తే మా ఇంట్లో ఉన్నంత హడావుడి ఊళ్ళో ఏ ఇంట్లోనూ ఉండదు. చుట్టుపక్కల రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కొత్త చీరలకు జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటారు. ఆ వారం నా బీరువాలో పదకొండు జాకెట్ల గుడ్డలున్నాయి. ఒక్కో గుడ్డలో ఆ మనిషి ఆది జాకెట్టు చుట్టి, పేరు రాసిన చీటీ పిన్నుతో గుచ్చి పెట్టాను. వాటిని చూసుకుంటూ కాలి సంగతి వదిలేశాను.

మంగళవారం రెండో కాలు కూడా అలాగే అయింది. బుధవారం వేళ్ళ కొసలు. సూదిలో దారం ఎక్కించబోతే సూది పట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుంటే తప్ప తెలియలేదు. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు దగ్గరికి వెళితే నీరసమని చెప్పి బలానికి సూది వేశాడు. నాకు కావలసిన మాట కూడా అదే. శుక్రవారం దాటనీ, అప్పుడు కావలికి పోయి చూపించుకుందాం అనుకున్నాను. గురువారం పొద్దున స్నానాల గదిలో మగ్గు ఎత్తబోయి పడిపోయాను. లేవాలని కాళ్ళకు చెబుతున్నాను, అవి వినడం లేదు.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా కాళ్ళ నుంచి పైకి పాకే తిమ్మిరి వస్తే, చేతిలో పనేమున్నా సరే అక్కడే పడేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి. నేను మూడు రోజులు జాకెట్ల కోసం పోగొట్టుకున్నాను. ఆ మూడు రోజులకు నా ఒళ్ళు ఏడు నెలలు తీసుకుంది.

కావలిలో డాక్టరు చిన్న సుత్తితో నా మోకాలి మీద కొట్టాడు. కాలు కదల్లేదు. రెండోదాని మీద కొట్టాడు. అదీ కదల్లేదు. సుత్తి బల్ల మీద పెట్టేసి, ఇంటికి వెళ్ళి బట్టలు సర్దుకోవడం లాంటివి పెట్టుకోకుండా ఇటునుంచి ఇటే నెల్లూరు వెళ్ళమన్నాడు. మా ఆయన దేవదానం రేవు నుంచి చేపల మార్కెట్టుకు ఐసు వ్యాను నడుపుతాడు. ఆ వ్యాను ముందు సీట్లోనే, నన్ను మధ్యలో కూర్చోబెట్టుకుని, ఒక పక్క ఆయనా ఒక పక్క మా అత్త కరుణమ్మా. దారి పొడవునా అత్త నా తల పట్టుకునే కూర్చుంది.

ఆసుపత్రిలో మా వంతు వచ్చేదాకా హాల్లో కూర్చున్నాం. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఒక టీవీ, దానికి శబ్దం లేదు. నేను కుర్చీలోంచి మెల్లగా కిందికి జారిపోతున్నాను. పైకి లాగితే మళ్ళీ జారిపోతున్నాను. అత్త తన తువాలు నా నడుం చుట్టూ వేసి కుర్చీకి కట్టడానికి చూసింది, అది చాల్లేదు. పక్క వరసలో ఎవరో ముస్లిం ఆవిడ ఏమీ అడక్కుండా తన దుపట్టా తీసి ఇచ్చింది. రెండూ ముడేసి కట్టారు. ఆవిడ పేరు కూడా నేను అడగలేదు. తర్వాత ఎంత తలుచుకున్నా ఆవిడ మొహం గుర్తుకు రాదు, దుపట్టా అంచుకు కుట్టిన తెల్ల లేసు మాత్రం గుర్తుంది.

దీన్ని జీబీఎస్ అంటారని నరాల డాక్టరమ్మ చెప్పింది. చిన్న వయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడింది. కరెంటు తీగకు పైన తొడుగు ఉన్నట్టు నరాలకూ ఉంటుందట. ఒంట్లో రోగాలతో పోట్లాడవలసిన బలమే, ఆ జ్వరం, విరేచనాల తర్వాత దారి తప్పి ఆ తొడుగును కొరికేస్తోందట. తొడుగు మళ్ళీ పెరుగుతుందని, చాలామంది లేచి నడుస్తారని, కానీ ముందు ఇంకా కిందికి వెళ్ళి ఆ తర్వాతే పైకి రావాలని చెప్పింది. ఎంత కిందికి అని దేవదానం అడిగాడు. ఊపిరి దాకా వెళ్ళకుండా చూసుకుంటామని ఆమె అంది.

ఐసియులో తొమ్మిది రోజులున్నాను. అక్కడి నర్సు గంటకొకసారి వచ్చి, గట్టిగా గాలి పీల్చుకుని ఒక్క ఊపిరిలో ఎంతవరకు లెక్కపెట్టగలనో లెక్కపెట్టమనేది. మొదటి రోజు ఇరవై నాలుగు దాకా వెళ్ళాను. మర్నాడు పదహారు. ఆ మర్నాడు పదకొండు. నర్సు అడుగుల చప్పుడు వింటేనే భయం వేసేది, ఈసారి ఎన్ని తగ్గుతాయో అని. తొమ్మిదికి వచ్చిన రోజు ఊపిరికి గొట్టం వేయవలసి రావచ్చని నా మంచం పక్కనే మాట్లాడుకున్నారు.

అప్పుడు చావు గురించి ఆలోచించానని రాస్తే బాగుంటుందేమో గానీ, నిజం అది కాదు. నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే సుభద్రమ్మ గారి ఎడమ భుజం కుడి భుజం కన్నా అరంగుళం కిందికి ఉంటుంది. ఆ సంగతి ఏ చీటీ మీదా రాయలేదు, నా తలలోనే ఉంది. నేను పోతే ఆమెకు జాకెట్టు ఎవరు కుదురుగా కుడతారు? గంటల తరబడి ఇదే. ఆ తర్వాత మా అమ్మాయి స్నేహ. డిగ్రీ రెండో ఏడాది, ఇంట్లో ఒక్కతే ఉంది. గ్యాసు కట్టేసి పడుకుంటోందో లేదో.

తొమ్మిదికి దిగిన మర్నాడు పొద్దున పదకొండు లెక్కపెట్టాను. నర్సు కాగితం మీద రాసుకుని, వెళ్ళబోతూ నా నుదుటి మీద చెయ్యి వేసి వెళ్ళింది. ఆ తర్వాత అంకె తగ్గలేదు.

బయట హాల్లో ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మా అత్త ఆ తొమ్మిది రోజులూ నేల మీదే ఉంది. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. దేవదానం ఇంటికి పొమ్మంటే పోలేదు. చిన్నప్పుడు మిషన్ బడి హాస్టల్లో నేర్చుకున్న లేసు అల్లిక ఆమెది. కొక్కెం సూది, దారం ఉండ ఎప్పుడూ ఆమె సంచిలోనే ఉంటాయి. గోడకు ఆనుకుని అల్లుతూ కూర్చుందట. నాయుడుపేట నుంచి వచ్చిన ఒక అమ్మాయి, భర్త లారీ మీంచి పడి లోపలున్నాడు, పక్కనే కూర్చుని ఉంటే, అత్త ఆమె చేతికి సూదిచ్చి గొలుసు అల్లడం నేర్పిందట. ఎందుకు నేర్పావని తర్వాత అడిగాను.

"ఆ పిల్ల చేతులు ఒకటే వణకతా ఉండినాయి. చూళ్ళేక ఇచ్చినా," అంది.

సెప్టెంబరు

వార్డులో రెండు వారాలుండి ఇంటికి వచ్చాను. దేవదానం, స్నేహ చెరో చంకా పట్టుకుని దించారు. అన్నం అత్త తినిపించేది. తల స్నేహ దువ్వేది. స్నేహ కాలేజీకి పోయిన రోజు దేవదానం జడ వేసేవాడు, తాడు పేనినట్టు.

అందరూ నాతో మెత్తగా మాట్లాడేవాళ్ళు. దాని గురించి కొంచెం చెప్పాలి. మా అత్తకు మిషను కుట్టు కుట్టు కిందే లెక్క కాదు. చేత్తో కుట్టిందే కుట్టు. పెళ్ళయినప్పటి నుంచి మా ఇద్దరికీ దారం రంగు దగ్గర, కాజాల దగ్గర, లైనింగు దగ్గర రోజూ ఏదో ఒక గొడవ ఉండేది. అలాంటి మనిషి నన్ను "అమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. "కొంచెం తిను అమ్మా." ఆ మాట విన్నప్పుడల్లా నేనెంత జబ్బుగా ఉన్నానో నాకు తెలిసేది.

కావలి నుంచి ప్రియాంక అనే అమ్మాయి వారానికి రెండుసార్లు వచ్చి కాళ్ళకు, చేతులకు వ్యాయామం చేయించేది. చపాతీ పిండి పిసకమనేది. పళ్ళెంలో గుండీలు పోసి ఒక్కొక్కటీ తీసి గ్లాసులో వేయమనేది. గుండీలు చూడగానే నాకు ఏడుపొచ్చింది. అప్పుడామె ఆలోచించి, లావుపాటి సూదులు, లావు ఊలు దారం తెప్పించుకుని అల్లమంది. కుట్టుపనిలాగే ఉంటుంది, సన్నగా పట్టుకోవలసిన పని లేదు.

మా సముద్రపు గాలికి ఊలు ఎవరు వేసుకుంటారు? కావలి అంతా తిరిగి దేవదానం ముదురు ఆకుపచ్చ ఊలు ఉండలు నాలుగు తెచ్చాడు. దొరికింది అదొక్క రంగేనట. మొదటి వారం రెండు వరసలు కూడా నిలవలేదు. సూది మీంచి కుట్టు జారిపోయేది, జారింది వేళ్ళకు తెలిసేది కాదు, చూసేసరికి కింద వరస కూడా విచ్చిపోయి ఉండేది. అల్లిందంతా లాగేసి మళ్ళీ మొదటి నుంచి. పదిసార్లు లాగేసరికి ఊలు నూగు లేచి మురికి పట్టింది. ఒకరోజు కోపమొచ్చి ఉండను వాకిట్లోకి విసిరాను. విసిరితే అదీ దూరం పోలేదు, గడప దగ్గరే పడింది. అత్త లేచి వెళ్ళి తెచ్చి, దుమ్ము దులిపి, నా ఒళ్ళో పెట్టి ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. వెనకటి రోజులైతే పది మాటలు అనేది.

నెలాఖరుకు జానెడు పొడవు అల్లిక నిలిచింది. ఒక చోట వెడల్పు, ఒక చోట ఇరుకు, మధ్యలో చిల్లులు. స్నేహ దాన్ని మెడకు చుట్టుకుని అద్దంలో చూసుకుంది. చెమటలు కారుతున్నా తీయలేదు.

అక్టోబరు

గోడ పట్టుకుని నాలుగడుగులు వేయడం వచ్చాక, మంచం నుంచి బీరువా దాకా నా అంతట నేనే వెళ్ళాను. తలుపు తీశాను. నా గుడ్డలు పెట్టుకునే అర ఖాళీగా ఉంది. పదకొండు మూటల్లో ఒక్కటీ లేదు. పిన్నులు మాత్రం ఒక డబ్బాలో పోసి ఉన్నాయి.

దేవదానం వచ్చేదాకా అక్కడే నేల మీద కూర్చున్నాను. లేవడం చేతకాక కూడా.

"గుడ్డలు యాడికి పోయినాయి?" అన్నాను.

"ఎవురివి వాళ్ళకి ఇచ్చేసినా."

"ఎప్పుడు?"

"నువ్వు ఐసియులో ఉండంగా."

"ఏమని చెప్పి ఇచ్చినావు?"

ఇంక ఆమె కుట్టదని చెప్పినా, అన్నాడు.

ఆ మాటకు నాకు వచ్చిన కోపం, దుఃఖం ఎలాంటివో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆసుపత్రిలో గొట్టం వేస్తారేమో అన్నప్పుడు కూడా అంత చలి వేయలేదు. నేను బతుకుతానో లేదో డాక్టర్లే తేల్చుకోని రోజుల్లో, నా చేతుల పని అయిపోయిందని మా ఇంటి మనిషే ఊరంతా తిరిగి చెప్పొచ్చాడు. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఊలు ముట్టుకోలేదు. ప్రియాంక వస్తే ఒంట్లో బాలేదని చెప్పి పంపించేశాను. గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అత్త కొడుకును ఒక్క మాట అనలేదు. నాలుగో రోజు ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, స్నేహ స్కూటీ వెనక కూర్చుని ఎక్కడికో వెళ్ళింది. ఆమె అంతకు ముందు ఎన్నడూ రెండు చక్రాల బండెక్కిన మనిషి కాదు. రెండు గంటలు దాటాక వచ్చారు. అత్త చేతిలో బియ్యం సంచి. దాన్ని నా మంచం మీద బోర్లించింది. జాకెట్ల గుడ్డలు. ఇంటింటికీ వెళ్ళి అడిగిందట. అయిదుగురు అప్పటికే వేరేచోట కుట్టించుకున్నారు. మిగిలిన ఆరుగురు ఇచ్చారు.

నేను ఇంకా మండిపడ్డాను. కత్తెర పట్టుకోలేని దాని ముందు ఇవి తెచ్చి పోస్తే ఏం చేసుకోవాలని అరిచాను.

అత్త మంచం కోళ్ళు పట్టుకుని మెల్లగా కింద కూర్చుంది. "నీ చేతులకి కదా జబ్బు చేసింది, నోటికి కాదు గదా. నువ్వు చెప్పు. పిల్ల మిషను తొక్కతాది. చేతికుట్టు నేను చూసుకుంటా," అంది.

నవంబరు

ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనిని నోటితో చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నేను కుర్చీలో, స్నేహ నేల మీద గుడ్డ పరుచుకుని సుద్ద ముక్కతో. మెడ ఎంత వంపు తీయాలి అని అడుగుతుంది. ఇంత, అని చెయ్యి లేపబోతాను, చెయ్యి వణుకుతుంది. అంగుళాల్లో చెప్పు అంటుంది. అంగుళాల్లో నేనెప్పుడు చూశాను? గుడ్డ మీద వేలు పెడితే అదే వచ్చేది.

మొదటి జాకెట్టు బాగానే వచ్చింది. రెండోది మెడ వదులైంది, విప్పి సరిచేశారు. స్నేహకు ధైర్యం వచ్చింది. మూడోది సుభద్రమ్మ గారిది. వ్రతానికి కట్టుకోవలసిన పట్టుచీర, నా వల్ల అప్పుడు కట్టుకోలేదు. చుట్టాలింట్లో గృహప్రవేశానికి కట్టుకోవాలని దాచుకుంది. చీరతో పాటు వచ్చిన గుడ్డ, పైన ఒక్క ముక్క మిగలదు. భుజాల తేడా సంగతి చెప్పాను, స్నేహ చక్కగా సరిచేసింది. ఇంక చేతులు కత్తిరించాలి. రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి వేసి ఒకేసారి కత్తిరించు అన్నాను. కత్తిరించింది.

కుట్టడం అంతా అయ్యాక, హుక్కులు కుట్టడానికి తీసుకున్న అత్త జాకెట్టును అటూ ఇటూ తిప్పి చూసింది. మళ్ళీ చూసింది. తర్వాత నా ఒళ్ళో పెట్టింది. రెండు చేతులూ ఎడమ చేతులే. ముక్కలు వేసేటప్పుడు గుడ్డ పైకి కనపడే మంచివైపులు ఎదురెదురుగా పెట్టాలని నేను చెప్పలేదు. నాకెవరూ ఎప్పుడూ చెప్పనక్కర్లేకుండా నా చేతులే అలా పెట్టేవి. చెప్పాలని నాకు తోచనే లేదు.

స్నేహ ఏడ్చింది. తప్పు తనది కాదని ఎంత చెప్పినా వినలేదు. నాకు రాదమ్మా, నేనింక ముట్టుకోను అంది. తన మాటల్లో నెల రోజుల కిందటి నా మాటలే వినపడ్డాయి.

సుభద్రమ్మ గారికి ఫోను నేనే చేశాను. దాచకుండా చెప్పాను. ఆమె సాయంత్రం వస్తానంది. వచ్చి, లోపలి గదిలోకి వెళ్ళి తొడుక్కుని, బయటికొచ్చి మా ముగ్గురి ముందు నిలబడింది. ఎడమ చెయ్యి ఎత్తింది, బాగా లేచింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకా పైకి ఎత్తబోతే చంకలో పట్టేసి జాకెట్టంతా పక్కకు తిరిగింది. ఆమె అలాగే, ఒక చెయ్యి పైకీ ఒక చెయ్యి అడ్డంగా పెట్టుకుని అద్దంలో చూసుకుంది. ముందు నవ్వింది ఆమే. తర్వాత అత్త నవ్వింది. స్నేహ ముక్కు చీదుకుంటూ నవ్వింది. నేను నవ్వబోతే కుర్చీలోంచి జారిపోయాను, వాళ్ళు నవ్వుతూనే లాగి కూర్చోబెట్టారు.

"కుడి చెయ్యి ఎత్తేది నాకేం పనిలే," అంది సుభద్రమ్మ గారు. "పప్పు వడ్డించేదానికి ఇంత లేస్తే చాలు."

అత్త ఒప్పుకోలేదు. జాకెట్టు విప్పించుకుని, కుడి చంకలో కుట్టు విప్పి, ఆ సందుకు సరిపోయేలా చిన్న లేసు ముక్క అల్లింది. అదే రంగు పట్టుదారం కోసం దేవదానాన్ని రెండుసార్లు కావలి పంపింది. నాలుగు రోజులు పట్టింది. ఆ ముక్క చంకలో కలిపి కుట్టాక సుభద్రమ్మ గారి చెయ్యి పైదాకా లేచింది. గృహప్రవేశంలో ఆ లేసు ఎక్కడ చేయించుకున్నావని ఇద్దరు అడిగారట. అవన్నీ మాయమ్మాయి సుగుణ ఇంట్లో చేస్తారని చెప్పిందట. నన్ను మాయమ్మాయి అంది. ఆ మాట నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఆ రోజు తర్వాత ప్రియాంకను మళ్ళీ రమ్మన్నాను.

డిసెంబరు

క్రిస్మస్‌కు పది రోజుల ముందు, మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేని వేళ చూసుకుని మిషను ముందు కూర్చున్నాను. పాత దిండు గలీబు తీసుకుని తిన్నగా ఒక కుట్టు వేద్దామనుకున్నాను. కాలు పెడలు మీద పెడితే ఇనుము తగిలింది. పూర్తిగా కాదు, దుప్పటి కింద నుంచి తగిలినట్టు. తొక్కాను. కుట్టు పాములా వంకర పోయింది. చివరిదాకా వేసి, దారం పళ్ళతో తెంచి, తల ఎత్తితే దేవదానం గుమ్మంలో ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. చేపల వాసన కొట్టినా గమనించలేదు నేను.

లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నాడు. గలీబు తీసుకుని కుట్టు మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు. అప్పుడు అడిగాను, ఆ రోజు గుడ్డలన్నీ ఎందుకిచ్చేశావని. ఈసారి కోపంతో అడగలేదు.

నా ఊపిరి లెక్క తొమ్మిదికి పడిపోయిన రోజున ఆయన ఐసియు బయట ఉంటే ఫోను వచ్చిందట. నా దగ్గర కుట్టించుకునే ఆవిడే.

"ఆమెకేమన్నా అయితే నా పట్టుగుడ్డ ఎవుర్ని అడగాల అనింది," అన్నాడు. "నాకు ఇంకేం కనపళ్ళా. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి అన్నీ వ్యాన్లో ఏసుకుని ఎవురి గడపలో వాళ్ళవి పడేసి వచ్చినా. ఇంకెవురూ నాకు ఫోన్ చేసి ఆ మాట అడక్కూడదని."

ఎవరని అడిగాను. చెప్పలేదు.

"మళ్ళా మనింటికే వస్తా ఉండాది. చెప్తే నువ్వు ఆమెకి సరిగ్గా కుట్టవు," అన్నాడు.

నేను ఆ ఆరుగురి పేర్లూ మనసులో తిప్పి చూసుకున్నాను. తర్వాత వదిలేశాను. నేను కూడా ఐసియులో పడుకుని వాళ్ళ జాకెట్ల గురించే కదా ఆలోచించింది. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన గలీబు మడిచి మిషను మీద పెట్టాడు.

క్రిస్మస్ ఆరాధనకు ఊతకర్ర పట్టుకుని నడిచి వెళ్ళాను. స్నేహ కుట్టిన తెల్ల జాకెట్టు తొడుక్కున్నాను. రెండు చేతులూ ఏ పక్కది ఆ పక్కనే ఉన్నాయి. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పమని పాస్టరమ్మ అంది. లేచి నిలబడ్డాను గానీ, ఏం మొదలుపెట్టాలో తెలియక అందరికీ వందనాలు చెప్పి కూర్చున్నాను. ఆ రోజు చెప్పలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

మార్చి

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. మెట్లు ఎక్కేటప్పుడు కమ్మీ కావాలి. రెండు చేతుల్లో చిటికెన వేళ్ళు, వాటి పక్క వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి. అవి ఇంతే కావచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. కత్తిరింపు నేను చేస్తున్నాను. తిన్నటి కుట్లు నేనే వేస్తున్నాను. హుక్కులు, కాజాలు, హెమ్మింగు అత్తవి. స్నేహ పరీక్షలు అయ్యాక మళ్ళీ కూర్చుంటానంది. రోజుకు ఒక్క జాకెట్టు, అంతకు మించి ఒప్పుకోవడం లేదు. ఇలాంటి జబ్బుతో మంచంలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒకటే చెప్పగలను. మొదటి రెండు నెలలు చూసి లెక్క కట్టుకోకండి. నాకు ఒక రోజుకీ ఇంకో రోజుకీ తేడా ఏమీ తెలిసేది కాదు. ఒక నెలకీ ఇంకో నెలకీ తెలిసింది.

పోయిన వారం నెల్లూరులో చూపించుకుని వచ్చాం. ఇంక ఆరు నెలల దాకా రానక్కర్లేదని డాక్టరమ్మ చెప్పింది. సంతోషంగానే బయటికొచ్చాను, కానీ ఆ మాట ఇంకా లోపలికి దిగలేదు. ఎలాగూ వచ్చాం కదా అని అత్త, నేను లైనింగు కొనడానికి ఒక బట్టల కొట్టుకు వెళ్ళాం. ఆవపువ్వు రంగు చీర, దానికి సరిపోయే లైనింగు కావాలి. కొట్టతను రెండు తానులు తీశాడు. గంధం రంగు తీసుకోమంది అత్త. నాకది వెలిసిపోయినట్టు అనిపించింది, పక్కనున్న పసుపు చూపించాను.

"కాళ్ళూ చేతులూ సరే, జబ్బుతో కళ్ళు కూడా పోయినాయా నీకు?" అంది అత్త, కొట్టంతా వినపడేలా. "అది వేస్తే లోపల పసుపు పూసుకున్నట్టు కనపడతాది. ఇరవై ఏళ్ళు కుట్టినావంట, దేనికి?"

ఆగస్టు నుంచి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. జబ్బు పేరు ఎత్తి దెప్పలేదు. నేను తాను పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కొట్టతను మేం పోట్లాడుకుంటామేమో అని మధ్యలోకి వచ్చి, అమ్మా కూతుళ్ళా అని అడిగాడు.

"కోడలు," అంది అత్త. "కూతురైతే నా మాట వినేది."

నాకు నవ్వు, ఏడుపు రెండూ కలిసి వచ్చాయి. అత్త నా మొహం చూసి, ఏమైందోనని అరక్షణం కంగారు పడింది, మళ్ళీ "అమ్మా" అనబోతోందని నాకు తెలిసిపోయింది. అననివ్వలేదు. ఆమె కళ్ళకు గంధం రంగు కూడా సరిగ్గా ఆనడం లేదని, కంటి డాక్టరుకి చూపించుకోవాల్సింది తనేనని అన్నాను. పసుపు తానును కొట్టతని ముందుకు తోసి, ఒక మీటరు చింపమన్నాను.

"చింపబాకయ్యా. ఆమె మాట వినబాక," అంది అత్త.

అతను మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, రెండు తానుల్లోంచీ చెరో మీటరు చింపాడు.